పఠాణి సామంతుడు

తిథి కొన్ని విఘడియలు తప్పినను జనులెఱుగరు. గ్రహణకాలము తప్పినచో మాత్రము పంచాంగకర్తకు దాగుటకు చోటుండదు. తడిబట్టలతో నదిలో నిలిచియున్నవారెల్లరును సాక్షులగుదురు. అట్టి సాక్ష్యమునకు వెఱవక, దానిని తానే కోరి పిలిచిన పండితుడు చంద్రశేఖరసింహ సామంతుడు.

ఆయన 1835 డిసెంబరు 13 వ తేదీన ఒరిస్సాలోని ఖండపడా సంస్థానమున రాజబంధువుల యింట జన్మించెను. అంతకుమున్ను పుట్టిన శిశువులు దక్కనందున, తలిదండ్రులు ఈ బిడ్డను నామమాత్రముగ నొక ఫకీరున కిచ్చి మరల గైకొనిరట. పఠాణి యను ముద్దుపే రట్లు వచ్చినది. సంస్కృతమే ఆయన చదువు, ఇంగ్లీషు రాదు. రాజవంశమను పేరేగాని కలిమి లేదు, ఆరోగ్యము అంతకంటెను లేదు.

పదునైదేండ్ల ప్రాయముననే ప్రాచీన గణితము చెప్పిన తావున గ్రహము కానరాకుండుట ఆయనకు పొడగట్టెను. గ్రంథము తప్పా, కన్ను తప్పా యను విచారణ అప్పుడు మొదలై ప్రాణాంతము వఱకు సాగినది. దూరదర్శిని లేదు. ఒక కఱ్ఱకు చివర అడ్డముగ మఱియొకటి తగిలించి, గంట్లు పెట్టిన మానయంత్రము, వెదురుగొట్టము, శంకువు, జలఘటికాయంత్రము: ఇవియే పరికరములు.

చంద్రగ్రహణగణితము పైకి తోచునంత సులభము గాదు. చంద్రుడున్న దూరమున భూచ్ఛాయ చంద్రబింబమునకు రెండున్నర రెట్లకు మించిన వెడల్పు గలది; చంద్రుడు చేరువైనచో ఛాయయు విశాలమగును. దాని అంచు మసకగానుండుటచే స్పర్శకాలమును కంటితో నిర్ణయించుటయే కష్టము. పైగా ఛాయ చంద్రుని సోకు క్షణము లోకమున కంతటికి నొకటియే యైనను, ఊరూర గడియ వేఱు. ఖండపడా ఉజ్జయినీరేఖకు తూర్పున 9 భాగలకు పైగా నున్నది. ఉజ్జయిని గణితము నట్లే చదివినచో అక్కడ గడియన్నరకు మించి తప్పును. దేశాంతరసంస్కారము ఇందుకొఱకే.

ఆయన ఘనత యంతయు చంద్రగతియందున్నది. పూర్ణిమ, అమావాస్యలయందేగాక నడిమి తిథులలోను చంద్రుని కనిపెట్టి, తుంగాంతర, పాక్షిక, దిగంశములను మూడు సంస్కారములను ఐరోపీయ గ్రంథములు చూడకయే ఆయన కనుగొనెను. పాక్షికము ఆయన లెక్కలో 38 కలలు; నవీనుల లెక్క 39. దిగంశము ఆయనకు 12 కలలు, నవీనులకు 11. పాక్షికము పూర్ణిమాంతమున శూన్యమగును, తుంగాంతరము మందఫలములో కలసి మఱుగుపడును. కావున గ్రహణములను మాత్రమే సరిచూచుకొనువారికి ఇవి దొరకవు. దిగంశ మొక్కటియే గ్రహణకాలమును సుమారు 20 నిమిషములు ముందునకో వెనుకకో త్రోయగలదు.

గ్రహణములకు దృక్సిద్ధమును నమ్మి, తిథులకు ప్రాతలెక్కను వీడని పంచాంగకర్తలు మన తెలుగువారిలో నేటికిని కలరు. సామంతుడు వారితో ఏమనియుండెడివాడో!

తాళపత్రములపై సంస్కృతశ్లోకములుగా రచించిన ఆయన సిద్ధాంతదర్పణము చాలకాలము ఆ యింటనే యుండినది. కటకములోని ప్రొఫెసరు యోగేశచంద్ర రాయి పూనికచే 1899 లో కలకత్తాయందు అచ్చయ్యెను. ఆంగ్లపీఠికయు ఆయనయే వ్రాసెను. ఇంగ్లండునందలి నేచర్ పత్రిక ఆ యేడే గ్రంథమును విమర్శించి ప్రశంసించినది. మహామహోపాధ్యాయ బిరుదము అంతకుమున్నే, 1893 లో, లభించినది.

లోపము చెప్పకుండుట న్యాయము గాదు. గ్రహములు సూర్యుని చుట్టును, సూర్యుడు నిశ్చలమైన భూమి చుట్టును తిరుగుదురని ఆయన మతము. భూభ్రమణము నాయన కడవఱకు అంగీకరింపలేదు. కంటికి తోచినదానినే ప్రమాణముగ గొన్నవాడు కంటికి తోచని చలనమును త్రోసిపుచ్చుట మాకు వింతగా తోచదు. 1904 జూన్ 11 వ తేదీన ఆయన పరమపదించెను. పురీ జగన్నాథాలయమున ఉత్సవకాలములకు ఆయన గణితమే ఆధారమైనది.