మెదడు దారులు చూపించిన డాక్టర్: ఎగాస్ మోనిజ్



మెదడులో రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బితే డాక్టర్లు దాన్ని అన్యూరిజం అంటారు. అది పగిలితే ప్రాణాపాయం. మన గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు పెద్ద ఆసుపత్రుల్లో ఇప్పుడు చాలామందికి పుర్రె తెరవకుండానే దీనికి వైద్యం చేస్తున్నారు. తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ మెదడు దాకా తీసుకెళ్తారు. ఉబ్బిన చోటును ప్లాటినం కాయిల్స్‌తో నింపుతారు. ఆ తెర మీద దారి కనిపించడానికి కారణమైన మనిషి కథ ఈ నెల మీ పిల్లలకు చెప్పండి.

ఎగాస్ మోనిజ్ 1874లో పోర్చుగల్‌లోని అవాంకాలో పుట్టారు. కోయింబ్రాలో వైద్యం చదివి, 1911లో లిస్బన్‌లో న్యూరాలజీ ప్రొఫెసర్ అయ్యారు. రాజకీయాల్లోకి కూడా వెళ్లారు. స్పెయిన్‌లో రాయబారిగా, ఆ తర్వాత విదేశాంగ మంత్రిగా పనిచేశారు. ఆయన అసలు పరిశోధన మొదలైంది మాత్రం యాభై ఏళ్లు దాటాకే. అప్పటికే గౌట్ అనే కీళ్లవాపుతో చేతులు వంకర తిరిగిపోయాయి. అందుకే సూది, కత్తి పట్టే పనులు ఆయన సహాయకుడు అల్మేడా లిమా చేసేవారు. ఆలోచన ఒకరిది, చేతులు మరొకరివి!

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది కానీ రక్తనాళాలు కనిపించవు. ఎక్స్‌రేను అడ్డుకునే ద్రవాన్ని మెడలోని ధమనిలోకి ఎక్కిస్తే అవి కనిపిస్తాయి కదా అనుకున్నారు మోనిజ్. ముందు మృతదేహాల మీద, కుక్కల మీద ప్రయత్నించారు. తర్వాత రోగులకు స్ట్రాన్షియం బ్రోమైడ్ ఎక్కించారు. ఒక రోగి చనిపోయారు. దాంతో ఆ మందు ఆపేసి, సోడియం అయోడైడ్‌కు మారారు. 1927 జూన్ 28న 20 ఏళ్ల యువకుడి మెదడు రక్తనాళాలు ఫిల్మ్ మీద స్పష్టంగా కనిపించాయి. ఆ పరీక్షే సెరెబ్రల్ యాంజియోగ్రఫీ.

దారి కనిపించాక వేరేవాళ్లు ఆ దారిలో నడిచారు. మాస్కోలో సెర్బినెంకో 1970ల్లో చిన్న చిన్న బెలూన్లతో వైద్యం చేశారు. 1990ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో గుగ్లియెల్మి కాయిల్స్ తెచ్చారు.

మోనిజ్‌కు 1949లో నోబెల్ వచ్చింది. కానీ దీనికి కాదు! మానసిక రోగులకు మెదడు ముందుభాగంలో నరాల పోగులు తెంచే ఆపరేషన్‌కు వచ్చింది. ఆ పద్ధతి ఎంతోమంది జీవితాలను దెబ్బతీసింది, తర్వాత వైద్యులే దాన్ని వదిలేశారు. ఆయన 1955లో కన్నుమూశారు. బహుమతి తెచ్చిన పని పోయింది, బహుమతి రాని పని నేటికీ ప్రాణాలు కాపాడుతోంది.

ప్రోగ్రెస్ రిపోర్ట్ చేతికొచ్చిన రోజు ఈ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోండి. మార్కులు పడని ఏ పనిని మీ పాప, మీ బాబు ఇష్టంగా చేస్తున్నారో కూడా అడగండి.

ఇంకొక్క మాట. ఇంట్లో ఎవరికైనా ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి లేవకపోయినా, రేపు చూద్దాం అనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ నంబరు పిల్లలకు కూడా నేర్పండి.