ఘంటసాల వేంకటేశ్వరరావుగారు - గాత్రసాధన

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్టగ్రామములలో పద్యనాటకమనగా తెల్లవారువరకు జనము కదలక కూర్చుండు కాలమొకటి యుండెను. పెట్రోమాక్సు దీపముల వెలుతురున, హార్మోనియము శ్రుతిలో, నటుడు పద్యమెత్తుకొనినచో ఆ గొంతు చిట్టచివర చాపమీద కూర్చున్నవానికిని వినబడవలెను. వినబడనివాడు నటుడే కాడు. మైకు లేని ఆ దినములలో పద్యమునకు గొంతు బలము మొదటి యర్హత. భావము తరువాతి మాట. ఆ పద్యమునే ఎదుట కూర్చుండి చెప్పినట్లు మెల్లగా పాడి, తెలుగుదేశమంతయు వినునట్లు చేసిన గాయకుడు నాటి కృష్ణాజిల్లాలోనే పుట్టెను.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన గుడివాడ సమీపమందలి చౌటపల్లిలో సూరయ్య, రత్తమ్మ దంపతులకు జన్మించిరి. సూరయ్యగారు మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడెడివారు. కుమారుని భుజముపై నెక్కించుకొని భజనలకు తీసికొనిపోయెడివారు. తండ్రి పాటకు బాలుడు అడుగులు వేసెడివాడు. లయ ఆ పిల్లవానికి పాఠముగా రాలేదు, తండ్రి నడకనుండి వచ్చినది. ఆ తండ్రి కొడుకు బాల్యముననే కన్నుమూసెను. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావలెనని ఆయన తుదికోరిక. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్యగారు కుటుంబము నాదుకొనిరి.

కోరిక తీర్చుటకు గురువు దొరకవలెను గదా! పాఠము చెప్పుదురను ఆశతో బాలుడు విద్వాంసుల యిండ్లలో చేరి బట్టలుతికెను, వంట చేసెను. నేర్చినది స్వల్పము. తుదకు చేతి ఉంగరము నమ్ముకొని విజయనగరము చేరెను. అచ్చటి మహారాజావారి సంగీత కళాశాల 1919లో స్థాపితమైనది. ఆదిభట్ల నారాయణదాసుగారి పిమ్మట ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1936లో దానికి అధ్యక్షులైరి. ఆ కళాశాలలో ఉపాధ్యాయులైన పట్రాయని సీతారామశాస్త్రిగారు ఈ దిక్కులేని విద్యార్థిని చేరదీసి విద్య చెప్పిరి. శాస్త్రిగారు తామే హార్మోనియము వాయించుకొనుచు పాడు గాయకులు. ప్రతిఫలము కోరలేదు. అన్నమునకు మాత్రము శిష్యుడు జోలె పట్టి ఇల్లిల్లు తిరిగి మధుకరము చేసెను.

చదువు ముగించి స్వగ్రామము చేరి, పెండ్లిండ్లలోను ఉత్సవములలోను పాడుచుండగా 1942 ఉద్యమము వచ్చెను. అందు పాల్గొని అలీపురము కారాగారమున శిక్ష ననుభవించిరి. 1944లో సావిత్రిగారితో వివాహమయ్యెను. సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహముతో మదరాసు చేరి, ఆ యేటనే సీతారామజననము చిత్రమున బృందగానములో గొంతు కలిపిరి. 1945లో స్వర్గసీమలో భానుమతిగారితో పాడిరి.

మదరాసులో ఆ గొంతునకు క్రొత్త పరీక్ష యెదురయ్యెను. నాటకపు గొంతు దూరమునకు విసరబడు గొంతు. మైకో, జానెడు దూరమున నుండును. దానియెదుట బిగ్గరగా పాడినచో మాట పగులును. ఊపిరి చప్పుడు సహితము రికార్డులో పడును. కనుక గొంతు తగ్గించవలెను. తగ్గించినను శ్రుతి జారరాదు, ఒత్తక్షరము నలుగరాదు, మంద్రమున సైతము నిండుదనము చెడరాదు. అరచుట కంటె ఇది కష్టమైన విద్య. పైగా నాటి గ్రామఫోను రికార్డు ఒక్కొక్క వైపు మూడు నిమిషములకు కొంచెమే యెక్కువ పట్టును. రంగస్థలమున ఒక్క పద్యపు రాగమునకే అంతకాలము చాలదు! జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము రికార్డు వినినవారికి ఈ చిక్కును ఘంటసాలవారు విడదీసిన తీరు తెలియును. రాగమునంతటిని పద్యము చివర కుప్ప పోయక మాటల నడుమ పంచిరి. పద్యమునకు తాళము లేదు. ఏ మాటకడ నిలువవలెనో, దేనిని తొందరించవలెనో పాడువాని వివేకమే చెప్పవలెను. ఆయన అర్థము నిలిచినచోట నిలిచిరి; పువ్వు మాటలాడుచున్నదన్న సంగతి ఒక్క క్షణమైనను మరువలేదు.

అమెరికాలోని నల్లజాతివారి జాజ్ సంగీతములోను ఇట్టి కథయే కలదు. 1925 ప్రాంతమున విద్యుత్తుతో, మైకు సాయమున, రికార్డులు చేయు పద్ధతి వచ్చినపిమ్మట అచ్చటను గొంతు బలము వెనుకకు తగ్గెను. న్యూ ఆర్లియన్సు బీదవాడలో పెరిగిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగు గొంతు బొంగురు. ఆయన రికార్డులు, బెస్సీ స్మిత్ రికార్డులు విని పాట నేర్చిన బిల్లీ హాలిడే గొంతు చిన్నది. అయినను మాటను తాళమునకు లేశము వెనుకగా తెచ్చి విడుచు నేర్పున వారు శ్రోతలను నిలువరించిరి. ఆ నేర్పునకు స్వరలిపి చాలదు. పెద్దలను వినవలెను, వినినదానిని తన గొంతులో వెదకికొనవలెను. పద్యము నేర్చువానికిని ఇదియే దారి.

1949లో కీలుగుఱ్ఱము, మనదేశము, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజారు - సంగీతదర్శకులుగా ఆయన కీర్తి అందరెరిగినదే. నందమూరి తారక రామారావుగారికి ఒక తీరున, అక్కినేని నాగేశ్వరరావుగారికి వేరొక తీరున గొంతు మలచిరి. గురుపుత్రులు పట్రాయని సంగీతరావుగారు చిరకాలము ఆయనకు సహాయకులుగా నుండిరి. మధుకరపు దినములు మరువని శిష్యునకు ఇంతకంటె తృప్తి యేమి యుండును?

అయితే నష్టము లేకపోలేదు. గంటలకొలది రాగము సాగించిన రంగస్థల గాయకుల మార్గము ఈ రికార్డుల వెలుగున వెలవెలబోయెను. మెట్టసీమ కుర్రవారు సహితము పద్యమనిన ఘంటసాల బాణీయే యనుకొనిరి. అనుకరించిన వారిలో పలువురికి గొంతులోని వంపు చిక్కెనే గాని, మాటకడ ఆగు వివేకము చిక్కలేదు. దానికి ఆయనను తప్పు పట్టుట న్యాయము కాదు.

1970లో పద్మశ్రీ బిరుదము లభించెను. 1971లో ఐరోపా, అమెరికాలలో కచేరీలు చేసిరి. ఆరోగ్యము సన్నగిల్లుచున్నను భగవద్గీతా శ్లోకములను తెలుగు తాత్పర్యముతో రికార్డు చేసిరి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మదరాసులో, 51 ఏండ్ల ప్రాయమున, పరమపదించిరి. మెట్టగ్రామములలో ఒకరు కన్నుమూసిన దినమున ఆ యింటిముందు నేటికిని వినబడునది ఆ గీతయే. వాకిట కూర్చున్నవారు దానిని వినుచు, మాటలు తగ్గించి మాటలాడుకొందురు.