కళాశాలలను పరీక్షించిన ఫ్లెక్స్‌నర్

విద్యార్థులకు పరీక్షలు పెట్టడం అనాదిగా ఉన్న ఆచారమే. చదువు చెప్పే సంస్థలనే పరీక్షకు నిలబెట్టడం మాత్రం ఆధునిక కాలపు సంప్రదాయం. దానికి బలమైన పునాది వేసినవారిలో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ ముఖ్యుడు.

ఫ్లెక్స్‌నర్ 1866లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరంలో ఒక యూదు వలస కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదిమంది సంతానంలో ఆరవవాడు. 1873 నాటి ఆర్థిక సంక్షోభంలో తండ్రి వ్యాపారం చితికిపోయింది. మందుల దుకాణం నడిపే అన్న జేకబ్ ఆర్థిక సహాయం చేయగా జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో చేరి, రెండేళ్లలోనే పట్టా పుచ్చుకున్నాడు. తరువాత స్వస్థలంలో సొంతంగా ఒక పాఠశాల స్థాపించి, విద్యార్థుల స్వయంకృషికే ప్రాధాన్యమిచ్చాడు. 1908లో అమెరికా కళాశాలల లోపాలను విమర్శిస్తూ ఒక గ్రంథం వెలువరించాడు.

ఆ గ్రంథం కార్నెగీ సంస్థ అధ్యక్షుడు హెన్రీ ప్రిచెట్ దృష్టికి వచ్చింది. వైద్య కళాశాలలను పరిశీలించే బాధ్యతను ఆయన ఫ్లెక్స్‌నర్‌కు అప్పగించదలచాడు. తన సోదరుడు, ప్రసిద్ధ వైద్య పరిశోధకుడు సైమన్ అనుకొని తనను పిలిచారేమోనని ఫ్లెక్స్‌నర్ సందేహించాడు. అంతవరకు ఆయన వైద్య కళాశాల గడప తొక్కి ఎరుగడు! ప్రిచెట్‌కు కావలసింది వైద్యుడు కాదు, విద్యావేత్త.

ఆనాటి వైద్య కళాశాలలలో అనేకం కొందరు వైద్యులు కలిసి ఫీజుల కోసం నడిపే వ్యాపారాలు. వాటికి ప్రయోగశాలలు ఉండేవి కావు. రోగులను చూడకుండానే విద్యార్థులు పట్టాలు పొందేవారు. ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాలలోని 155 కళాశాలలను పరిశీలించాడు. ప్రవేశార్హతలు, అధ్యాపకుల సంఖ్య, వారి శిక్షణ, ఆదాయవ్యయాలు, ప్రయోగశాలలు, ఆసుపత్రి సౌకర్యం అనే అంశాలను అన్నిచోట్లా ఒకే విధంగా విచారించాడు. కార్నెగీ ధనం లభిస్తుందన్న ఆశతో పలు కళాశాలలు తలుపులు తెరిచాయి.

తెరవని తలుపులూ లేకపోలేదు. డెమాయిన్ నగరంలోని ఒక కళాశాలలో గదుల మీద శరీర నిర్మాణశాస్త్రం మొదలైన పేర్లు రాసి ఉన్నాయి గాని, అన్నింటికీ తాళాలే. తాళంచెవులున్న నౌకరు అందుబాటులో లేడని అధిపతి చెప్పాడు. ఫ్లెక్స్‌నర్ వెళ్ళినట్టే వెళ్ళి, మళ్ళీ వచ్చి, నౌకరు చేతిలో 5 డాలర్లు పెట్టి తలుపులు తీయించాడు. లోపల కనిపించినవి ఒక బల్ల, చిన్న నల్లబల్ల, కొన్ని కుర్చీలు. పరికరం ఒక్కటీ లేదు.

1910లో వెలువడిన నివేదికలో ఆయన ప్రతి కళాశాల స్థితినీ పేరుపేరునా ప్రకటించాడు. 155 కళాశాలలకు బదులు 31 చాలునన్నాడు. నాసిరకం కళాశాలల మూసివేత అంతకుముందే మొదలైనా, నివేదికతో అది వేగం పుంజుకుంది. 1920 నాటికి అమెరికాలో సుమారు 85 మాత్రమే మిగిలాయి. రాష్ట్రాల అనుమతి మండలులు గుర్తింపులేని కళాశాలల పట్టాలను నిరాకరించసాగాయి.

అయితే ఈ సంస్కరణ భారం అందరిమీదా సమానంగా పడలేదు. నల్లజాతి విద్యార్థుల కోసం ఉన్న ఏడు కళాశాలలలో హోవార్డ్, మెహారీ అనే రెండింటినే నిలపాలని ఆయన సూచించాడు. తక్కిన ఐదూ 1923 నాటికి మూతపడ్డాయి. నల్లజాతి వైద్యులు ప్రధానంగా తమ జాతివారికి పారిశుద్ధ్యం నేర్పితే చాలునన్న ఆయన భావన జాత్యహంకారమే. పేద విద్యార్థులకు సైతం వైద్యవిద్య దూరమైంది. నాణ్యతను కొలవడంలో చూపిన నిశితదృష్టిని, మూసిన తలుపుల ముందు నిలిచినవారి గతి విషయంలో ఆయన చూపలేదు.

అనంతరం రాక్‌ఫెల్లర్ నిధులను వైద్య కళాశాలల అభివృద్ధికి మళ్ళించాడు. 1930లో ప్రిన్‌స్టన్‌లో స్థాపితమైన ఉన్నత అధ్యయన సంస్థకు తొలి సంచాలకుడై, ఐన్‌స్టీన్‌ను అక్కడికి రప్పించాడు. అక్కడ పరీక్షలు, పట్టాలు లేవు. 1959లో, 92వ ఏట ఆయన మరణించాడు. అమెరికా వైద్య కళాశాలల సంఘం ఆయన పేరిట ఇస్తూ వచ్చిన పురస్కారం నుండి 2020లో ఆ పేరును తొలగించింది.