అదురుడుకు మూలం వెతికిన మనిషి: ఫ్రెడరిక్ లాంచెస్టర్

మెకానికల్ వాళ్లకు లాంచెస్టర్ డాంపర్ అంటే వైబ్రేషన్స్ పేపర్లో వచ్చే ఒక ప్రశ్న. చదివి, రాసి, మర్చిపోతం. ఆ పేరు గల మనిషి మాత్రం జీవితమంతా ఒకే పని చేసిండు. బండి అదిరితే నట్లు బిగించి వదిలెయ్యలేదు, ఎందుకు అదురుతుందో అడిగిండు.

1868 అక్టోబర్ 23న లండన్‌లో ఒక ఆర్కిటెక్ట్ ఇంట్లో పుట్టిండు. పెద్ద కాలేజీల్లో చేరినా చదువు పూర్తి చెయ్యకుండానే బయటికొచ్చి, బర్మింగ్‌హామ్‌లో గ్యాస్ ఇంజన్ల కంపెనీలో పనికి కుదిరిండు. 1896లో సొంత కారును రోడ్డెక్కించిండు. ఆ ఇంజన్‌కు ఒకటే పిస్టన్, కానీ రెండు క్రాంక్‌షాఫ్టులు. అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతయి కాబట్టి ఒకదాని కుదుపును ఇంకోటి మింగేస్తది. స్ప్రింగుల విషయంలో మనిషి నడకనే కొలతగా తీసుకున్నడు. నడిచేటప్పుడు ఒళ్లు పైకీ కిందికీ కదిలే లయకు మనకు పుట్టినప్పటి నుంచి అలవాటే కదా, బండి కూడా అదే లయలో ఊగాలన్నది ఆయన లెక్క.

1899లో తమ్ముళ్లతో కలిసి కంపెనీ పెట్టిండు. కార్లకు మంచి పేరొచ్చింది కానీ పెట్టుబడి చాలలేదు. 1904లో కంపెనీ అప్పులవాళ్ల చేతిలోకి పోయింది. 1909లో డైమ్లర్ కంపెనీకి సలహాదారు అయిండు.

అసలు కథ అక్కడుంది. వాళ్ల ఆరు సిలిండర్ల ఇంజన్ ఒక వేగం దగ్గరికి రాంగనే విపరీతంగా అదిరేది. బరువులు సరిచేసినా లాభం లేదు. లోపం బ్యాలెన్స్‌లో లేదు, పొడుగాటి క్రాంక్‌షాఫ్ట్ తడిబట్ట పిండినట్టు మెలిపడుతోందని లాంచెస్టర్ పట్టుకున్నడు. షాఫ్ట్ ముందు కొసకు రాపిడితో పట్టుకునే ఒక చిన్న చక్రం తగిలించిండు. షాఫ్ట్ మెలిపడ్డప్పుడు ఆ చక్రం వెనకబడి జారుతది, అదురుడు వేడిగా మారిపోతది. అదే మన డాంపర్. తర్వాత నాలుగు సిలిండర్ల ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టుకు రెండుసార్లు వచ్చే కుదుపు కోసం, రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు షాఫ్టుల బ్యాలెన్సర్ కనిపెట్టిండు.

ఈ ఆలోచన మనకూ పనికొస్తది. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీదనో, ఆదిలాబాద్ దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి మీదనో పికప్ వెనక ట్రైలర్ కట్టుకొని పోతుంటే 80 కిలోమీటర్ల దగ్గర వణుకు మొదలైందనుకోండి. ముందు లెక్క వేద్దాం. టైరు చుట్టుకొలత రెండు మీటర్లయితే, ఆ వేగంలో అది సెకనుకు 11 సార్లు తిరుగుతది. వెనక ఇరుసు నిష్పత్తి నాలుగైతే ప్రొపెల్లర్ షాఫ్ట్ 44 సార్లు. ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర 33 సార్లు. అదే వేగంలో గేరు మార్చినా వణుకు మారకపోతే ఇంజన్ తప్పు కాదు. ట్రైలర్ విప్పేస్తే పోయిందా? అయితే ట్రైలర్ టైర్లు, బేరింగులు చూడాలి. అవి బాగుంటే ఇంకో అనుమానం ఉంది: కొక్కెం మీది బరువుకు పికప్ వెనక భాగం కుంగి, షాఫ్ట్ జాయింట్ కోణం మారి ఉండొచ్చు. అప్పుడు తప్పు బండిలోదే, ట్రైలర్ దాన్ని బయటపెట్టిందంతే.

ట్రైలర్ పాములా అటూ ఇటూ నెమ్మదిగా ఊగడం మాత్రం వేరే జబ్బు. ఎక్కువసార్లు సరుకు బరువు వెనక్కి పోవడమే కారణం. అది ప్రాణాల మీదికి తెస్తది. వేగం పెంచొద్దు, స్టీరింగ్‌తో కొట్లాడొద్దు. మెల్లగా వేగం తగ్గించి, ఆగినంక సరుకు ముందుకు జరపాలి.

విమానాల రెక్కల మీద కూడా 1907లో గొప్ప పుస్తకం రాసిన లాంచెస్టర్, చివరి రోజుల్లో పార్కిన్సన్స్ జబ్బుతో, డబ్బుల్లేక, కార్ల పరిశ్రమ ఇచ్చిన సాయంతో బతికిండు. అదురుడును ఆపడానికే బతికినోని చేతులు చివరికి ఆయన మాట వినలేదు. 1946 మార్చి 8న బర్మింగ్‌హామ్‌లో కన్నుమూసిండు. 1970లలో జపాన్‌లో మిత్సుబిషి ఆయన బ్యాలెన్సర్ ఆలోచనకు మళ్లీ ప్రాణం పోసింది. ఇవాళ ఎన్నో కార్లలో ఆ జంట షాఫ్టులు తిరుగుతున్నయి. లోపల కూర్చున్నోళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు.