కార్మిక సంఘ హక్కుకు అండగా నిలిచిన వరాహగిరి వెంకటగిరి

శ్రమజీవులు సంఘంగా ఏర్పడే హక్కుకు భారత రాజ్యాంగంలోని 19వ అధికరణం నేడు హామీ ఇస్తున్నది. నూరేళ్ళ క్రితం పరిస్థితి ఇది కాదు. వేతనం పెంచమని కార్మికులు ఒక్కటై అడిగితే అది యజమానితో వారు చేసుకున్న ఒప్పందానికి భంగకరమని, అందుకు పురికొల్పిన నాయకుడు నష్టపరిహారం చెల్లించాలని న్యాయస్థానాలకు వెళ్ళిన రోజులవి. ఆ దశ నుంచి ఈ దశకు సాగిన సుదీర్ఘ ప్రయాణంలో దాదాపు ప్రతి మజిలీలోనూ కనిపించే తెలుగువాడు శ్రీ వరాహగిరి వెంకటగిరి. రాష్ట్రపతిగా ఆయన పేరు అందరికీ తెలిసినదే. రాష్ట్రపతి భవనానికి చేరే వరకు ఆయన ఎవరి పక్షాన నిలిచారన్నది మాత్రం నేటి తరానికి అంతగా తెలియదు.

శ్రీ గిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. తల్లి సుభద్రమ్మ. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది, జాతీయవాది. కుమారుడు కూడా న్యాయవాది కావాలన్నది సహజమైన కోరిక. అందుకే 1913లో శ్రీ గిరి న్యాయశాస్త్ర అభ్యాసానికి ఐర్లండు రాజధాని డబ్లిన్‌కు వెళ్ళారు. ఆనాటి విద్యార్థులలో అధికులు లండన్‌కు వెళ్ళేవారు. డబ్లిన్‌ను ఎంచుకోవడం వల్ల ఆయన జీవితమే మలుపు తిరిగింది.

సరిగ్గా ఆ సంవత్సరమే డబ్లిన్ నగరం ఒక పెద్ద కార్మిక సంఘర్షణకు వేదికైంది. జేమ్స్ లార్కిన్ నాయకత్వంలోని రవాణా కార్మికుల సంఘంలో చేరబోమని, చేరి ఉంటే వైదొలగుతామని హామీపత్రం రాసి ఇవ్వాలని యజమానులు పట్టుబట్టారు. రాసి ఇవ్వనివారికి పనిశాలల తలుపులు మూసివేశారు. సుమారు ఇరవై వేల మంది కార్మికులు 1913 ఆగస్టు నుంచి మరుసటి సంవత్సరం జనవరి వరకు కుటుంబాలతో సహా పస్తులుండి, చివరికి విధిలేక పనిలోకి తిరిగి వెళ్ళవలసివచ్చింది. ఇక్కడ వివాదం ప్రధానంగా కూలి రేటు గురించి కాదు, పని గంటల గురించి కూడా కాదు. సంఘంలో ఉండవచ్చునా, ఉండరాదా అన్నదే అసలు ప్రశ్న. సంఘాన్ని గుర్తించి, కాపాడే చట్టం లేనిచోట కార్మికుని ఐక్యత ఎంత దుర్బలమో పంతొమ్మిదేళ్ళ తెలుగు యువకునికి ఆ నగరం నేర్పింది.

లార్కిన్ సహచరుడైన జేమ్స్ కనోలీ ప్రభావం శ్రీ గిరిపై గాఢంగా పడింది. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. మే 12న కనోలీని బ్రిటిష్ సైన్యం కాల్చిచంపింది. తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయన్న అనుమానంపై శ్రీ గిరిని దేశం విడిచి పొమ్మన్నారు. అదే సంవత్సరం ఆయన స్వదేశానికి చేరుకున్నారు. న్యాయవాద వృత్తి చేపట్టినా అది ఎక్కువకాలం సాగలేదు. సహాయ నిరాకరణోద్యమంలో పాల్గొని, మద్యం దుకాణాల వద్ద పికెటింగ్ చేసినందుకు 1922లో అరెస్టయ్యారు.

ఈలోగా మద్రాసులో ఒక ముఖ్య పరిణామం జరిగింది. 1918 ఏప్రిల్ 27న శ్రీ బి.పి.వాడియా అధ్యక్షతన, బకింగ్‌హామ్, కర్ణాటక్ మిల్లుల కార్మికులతో మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. మిల్లుల యాజమాన్యం హైకోర్టుకు వెళ్ళి సంఘ నాయకులపై నిషేధాజ్ఞ పొందింది. న్యాయబద్ధంగా నడిచే సంఘానికి సైతం రక్షణ లేదని దీనితో తేటతెల్లమైంది. సంఘాలకు చట్టబద్ధత కల్పించాలని 1921లో శ్రీ ఎన్.ఎం.జోషి కేంద్ర శాసనసభలో తీర్మానం ప్రవేశపెట్టారు. ఫలితంగా 1926లో రూపొందిన ట్రేడ్ యూనియన్ల చట్టం 1927 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఏడుగురు సభ్యులు కలిసి సంఘాన్ని రిజిస్టరు చేయించుకునే వీలు కలిగింది. సంఘ కార్యకలాపాలను కుట్రగా భావించి శిక్షించడం, నష్టపరిహారపు దావాలు వేయడం ఇకపై చెల్లవని 17, 18 సెక్షన్లు నిర్దేశించాయి. అయితే సంఘాన్ని యజమాని గుర్తించి, దానితో చర్చలు జరపాలన్న నిబంధన మాత్రం అందులో లేదు. శ్రీ గిరి తరువాతి జీవితమంతా ఆ లోటు చుట్టూనే తిరిగిందనడం అతిశయోక్తి కాదు.

ఆయన రైల్వే కార్మికులను తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గం వాల్తేరు వరకు విస్తరించి ఉండేది. ఆ సంస్థకు పెద్ద కర్మాగారం ఉన్న ఖరగ్‌పూర్‌లో తెలుగు కార్మికులు అధిక సంఖ్యలో ఉండేవారు. ఆ రైల్వే ఉద్యోగుల సంఘాన్ని శ్రీ గిరి నిర్మించి, 1927-28లో ఉద్యోగుల తొలగింపునకు వ్యతిరేకంగా జరిగిన సమ్మెకు నాయకత్వం వహించారు. సమ్మె అహింసాయుతంగా సాగింది. అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్య వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. పదేళ్ళకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో, మళ్ళీ 1942లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్ష పదవి చేపట్టారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశానికి, 1931లో లండన్‌లోని రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా హాజరయ్యారు.

1937 ఎన్నికలలో బొబ్బిలి నియోజకవర్గం నుంచి జస్టిస్ పార్టీ నాయకుడైన బొబ్బిలి రాజావారిని శ్రీ గిరి ఓడించారు. జమీందారును ఆయన సొంత గడ్డపైనే కార్మిక నాయకుడు ఓడించడం ఆనాడు సంచలనం సృష్టించింది. శ్రీ రాజగోపాలాచారి మంత్రివర్గంలోనూ, 1946లో శ్రీ టంగుటూరి ప్రకాశం పంతులు మంత్రివర్గంలోనూ ఆయన కార్మిక శాఖను నిర్వహించారు. ఈ రెండు పదవుల మధ్య క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో జైలు జీవితం గడిపారు. స్వాతంత్ర్యానంతరం సింహళంలో భారత హైకమిషనరుగా వ్యవహరించి, 1952లో నేటి శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

కేంద్రమంత్రిగా ఆయన అనుసరించిన పంథా గిరి విధానంగా ప్రసిద్ధి పొందింది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ప్రభుత్వం వివాదాన్ని ట్రిబ్యునల్‌కు నివేదించవచ్చు, ట్రిబ్యునల్ తీర్పు ఇరుపక్షాలూ శిరసావహించాలి. నిర్బంధ తీర్పుకు అలవాటుపడితే సంఘాలు బలహీనపడతాయని, యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని పరిష్కరించుకోవడం నేర్వరని శ్రీ గిరి భావించారు. బలమైన సంఘం, సమష్టి బేరసారాలు, అవి విఫలమైతే స్వచ్ఛంద మధ్యవర్తిత్వం, తప్పనిసరి అయితేనే సమ్మె అన్నది ఆయన సూచించిన క్రమం. 1952 అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సు ముందు ఈ ప్రతిపాదన ఉంచారు. యజమానులే కాదు, కొన్ని కార్మిక సంఘాలు కూడా సందేహించాయి. ట్రిబ్యునళ్ళ అండ లేకుండా చిన్న సంఘాలు నిలదొక్కుకోగలవా అన్నది వారి ప్రశ్న. ఆ సందేహం నిరాధారమైనదని చెప్పలేము.

1954లో అసలు పరీక్ష ఎదురైంది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ వెలువరించిన నిర్ణయాన్ని కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకు ప్రతికూలంగా సవరించింది. నిర్బంధ తీర్పును సిద్ధాంతరీత్యా వ్యతిరేకించిన మంత్రి ఇప్పుడు ఒక తీర్పు కోసం పట్టుబట్టడం పైకి విచిత్రంగా తోచవచ్చు. కాని సమ్మెను మానిపించి, కార్మికులను తీర్పు కోసం వేచి ఉండమన్న ప్రభుత్వమే తీర్పు వచ్చాక దానిని మార్చడం న్యాయం కాదని శ్రీ గిరి నిశ్చయం. ఆగస్టులో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. అనంతరం ప్రభుత్వం ఈ అంశంపై ఒక కమిషన్‌ను నియమించింది. దాని సిఫార్సుల ఆధారంగా 1955లో ప్రత్యేక చట్టం చేయవలసివచ్చింది.

1957లో పార్వతీపురంలో ఓటమి అనంతరం ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా, 1969 ఆగస్టు 24న రాష్ట్రపతిగా బాధ్యతలు స్వీకరించారు. ఆ ఎన్నికలో ఆయన ప్రధాన ప్రత్యర్థి శ్రీ నీలం సంజీవరెడ్డి కూడా తెలుగువారే కావడం గమనార్హం. 1974 మే నెలలో లక్షలాది రైల్వే ఉద్యోగులు సమ్మెకు దిగగా ప్రభుత్వం కఠినంగా అణచివేసింది. సమ్మెలో అగ్రభాగాన నిలిచినది తాను స్థాపనలో పాలుపంచుకున్న సమాఖ్యే. రాజ్యాంగ పదవిలో ఉన్న శ్రీ గిరి ఆ సమయంలో ఎంత మథనపడి ఉంటారో ఊహించవచ్చు. మూడు నెలల తరువాత ఆయన పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న పురస్కారం లభించింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

1926 చట్టంలోని లోటును పూరించేందుకు, సంఘాల గుర్తింపును తప్పనిసరి చేస్తూ 1947లో చేసిన సవరణ అమలుకు నోచుకోలేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి-2020 పాత ట్రేడ్ యూనియన్ల చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టాల స్థానాన్ని ఆక్రమించింది. దీని ప్రకారం సంస్థలో 51 శాతం లేదా అంతకు మించి కార్మికుల మద్దతు గల సంఘాన్ని యజమాని చర్చలకు ఏకైక ప్రతినిధిగా గుర్తించాలి. అట్టి సంఘం లేనప్పుడు 20 శాతానికి తగ్గని మద్దతు గల సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. సంఘంలో చేరినందుకు కార్మికుని తొలగించడం, తొలగిస్తామని బెదిరించడం అనుచిత కార్మిక విధానాలుగా నిషేధింపబడ్డాయి. డబ్లిన్ యజమానులు కోరినటువంటి హామీపత్రాన్ని నేడు మన దేశంలో ఏ యజమానీ చట్టబద్ధంగా కోరజాలడు. సంఘ నమోదుకు సంబంధించిన దరఖాస్తులను కార్మిక శాఖలోని ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రారుకు సమర్పించవలసి ఉంటుంది.