పూటకూళ్ల యింటి పరిచారకురాలు: మేరీ సీకోల్



లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని ఉపమానము మన సంఘములలో పిన్నలు పెద్దలు అందరును ఎరిగినదే. త్రోవలో పడియున్నవాని గాయములు కట్టిన ఆ సమరయుడు వైద్యవిద్య చదివినవాడని ప్రభువు చెప్పలేదు. అతడు మరునాడు తన దారిని తాను వెళ్లిపోయెను. పిమ్మట ఆ గాయపడినవానిని కనిపెట్టుచు ఉండవలసిన భారము పూటకూళ్లవానిమీద పడెను. ఆ పూటకూళ్లవానిని గూర్చి మనము ప్రసంగములలో వినుట అరుదు. ఈ నెల, పూటకూళ్ల యిల్లు నడుపుచు రోగులకు పరిచర్య చేసిన యొక స్త్రీ జీవితమును మీ ముందుంచుచున్నాము. ఆమె పేరు మేరీ సీకోల్.

తల్లి యొద్ద నేర్చిన విద్య

మేరీ 1805వ సంవత్సరమున జమైకా ద్వీపములోని కింగ్‌స్టన్ పట్టణమందు జన్మించెను. అప్పుడు ఆ ద్వీపము ఇంగ్లీషువారి యేలుబడిలో నుండెను. ఆఫ్రికా నుండి తేబడినవారును వారి సంతతివారును అక్కడి చెరకు తోటలలో బానిసలై పాటుపడుచుండిరి. వారికి పూర్తి విడుదల 1838లో గాని కలుగలేదు. మేరీ తండ్రి స్కాట్లండు దేశస్థుడైన సైనికోద్యోగి. తల్లి ఆఫ్రికా సంతతికి చెందిన స్వతంత్రురాలు. కావున మేరీ బానిస కాకపోయినను, తెల్లవారితో సమానమైన గౌరవము ఆమెకు లేకుండెను.

తల్లి బ్లండెల్ హాల్ అను పూటకూళ్ల యిల్లు నడుపుచుండెను. ఆమె ఆకులు, వేళ్లు, చెక్కలతో మందులు చేయుట ఎరిగినది. జబ్బుపడిన సైనికోద్యోగులు, వారి భార్యలు అక్కడ బస చేసి స్వస్థత పొంది పోవుచుండిరి. చిన్న మేరీ తల్లి చేయు పనిని చూచి తన బొమ్మకు వైద్యము చేసెను. తరువాత పిల్లులకును కుక్కలకును చేసెను. ఆ పిమ్మట తనమీదనే మందులు పరీక్షించుకొనెను. మన పల్లెలలో మంత్రసానులు తల్లి యొద్దనో అత్త యొద్దనో పని నేర్చుకొనినట్లే ఆమెయు నేర్చుకొనెను. ఆ కాలమున నర్సుల బడి యనునది ఆమెకు అందుబాటులో లేదు.

1836లో ఆమె ఎడ్విన్ సీకోల్ అను వ్యాపారిని వివాహమాడెను. అతడు బలహీనుడు గనుక ఆమె అతనికి భార్యయు నర్సునై యుండెను. 1843లో కింగ్‌స్టన్ పట్టణమును అగ్ని దహించినప్పుడు వారి పూటకూళ్ల యిల్లు కాలిపోయెను. 1844లో భర్త చనిపోయెను. కొద్దికాలమునకే తల్లియు కన్నుమూసెను. మేరీ దుఃఖముచేత కొన్ని దినములు కదలక కూర్చుండెను. తరువాత లేచి కొంగు బిగించుకొని మరల పనిలో ప్రవేశించెను.

కలరా నడుమ

1850లో జమైకాలో కలరా ప్రబలెను. సుమారు 32,000 మంది చనిపోయిరని అంచనా. అప్పుడు ఆమె యింట బసచేసిన యొక డాక్టరు యొద్ద ఆ రోగమును గూర్చి ఆమె అనేక సంగతులు గ్రహించెను. మరుసటి సంవత్సరము ఆమె పనామాలోని క్రూసెస్ అను ఊరిలో వ్యాపారము చేయుచున్న తన సోదరుని యొద్దకు వెళ్లెను. కాలిఫోర్నియాలో బంగారము దొరకుచున్నదని విని వేలకొలది మనుష్యులు ఆ త్రోవను పోవుచుండిరి. కొలది దినములకే ఆ ఊరిలోను కలరా పొడసూపెను. అక్కడ తగిన వైద్యుడు లేడు. మేరీ మందుల పెట్టె తీసికొని యింటింటికి వెళ్లెను. ధనవంతుల యొద్ద సొమ్ము తీసికొనెను. బీదలకు ఉచితముగా చేసెను. తుదకు ఆ రోగము ఆమెకును తగిలెను గాని ఆమె బ్రతికెను.

ఆమె ఆవపిండి పట్టీలు వేసెను, వాంతి మందు ఇచ్చెను, దాల్చినచెక్క కాచిన నీళ్లు త్రాగించెను. పాదరసము, సీసము కలిసిన మందులను కూడ వాడెను. ఇవి విషమని మనకిప్పుడు తెలియును. ఆ కాలపు పెద్ద డాక్టర్లును వాటినే ఇచ్చుచుండిరి. తన వైద్యములో కొన్ని తప్పులుండెనని ఆమె తరువాత దాచక వ్రాసెను. తన చేతులలో చనిపోయిన యొక అనాథ శిశువు దేహమును రహస్యముగా కోసి, రోగము లోపల ఏమి చేసినదో తెలిసికొనుటకు ప్రయత్నించెను. కలరా ఒకరినుండి మరియొకరికి అంటునని అనేకులు ఒప్పుకొనని దినములలో ఆమె దానిని గట్టిగా నమ్మెను. బడి లేకపోయినను నేర్చుకొనుట ఆమె మానలేదని మీరు గమనింపవలెను.

పనామాలోనే జరిగిన యొక సంగతి చెప్పెదము. ఒక విందులో ఒక అమెరికా దేశస్థుడు లేచి ఆమె సేవను మెచ్చుకొని, ఆమె చర్మము తెల్లగా లేకపోవుట తమకు విచారమని పలికెను. అతడు దానిని మర్యాద యనుకొనెను. మేరీ తడబడక, తన రంగు ఇంకను నలుపైనను తనకు సంతోషమేననియు, తనను గౌరవించువారి గౌరవము చాలుననియు అందరి యెదుట జవాబిచ్చెను.

1853లో జమైకాలో పసుపుపచ్చ జ్వరము వ్యాపించినప్పుడు, కింగ్‌స్టన్ సమీపమున నున్న సైనిక శిబిరమునకు నర్సులను సమకూర్చుమని వైద్యాధికారులే ఆమెను అడిగిరి.

మూసిన తలుపులు

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములు తురుష్కుల పక్షమున రష్యాతో యుద్ధమునకు దిగెను. క్రిమియాలో గాయములకంటె కలరా, విరేచనములు, చలి ఎక్కువమందిని చంపుచుండెను. ఆ సంవత్సరము అక్టోబరులో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలతో బయలుదేరెను. మేరీ లండనులో నర్సుగా చేరుటకు ప్రయత్నించునప్పటికి వారు వెళ్లిపోయి యుండిరి. ఇంకను నర్సులు కావలెనని విని ఆమె యుద్ధ కార్యాలయమునకు వెళ్లెను, వైద్యశాఖకు వెళ్లెను, నర్సులను ఏర్పరచువారి యొద్దకు వెళ్లెను. తనను ఎరిగిన వైద్యుల యోగ్యతా పత్రములు ఆమె చేతిలో నుండెను. ప్రతి చోటను లేదనిరి. నా చర్మపు రంగే కారణమా అని ఆమె తనలో ప్రశ్నించుకొని, చలికాలపు సాయంకాలమున వీధిలో నిలువబడి కన్నీరు కార్చెను.

అయితే ఆమె యింటికి తిరిగిపోలేదు. భర్త బంధువైన థామస్ డే అనువానితో కలిసి, తన సొమ్ముతోనే 1855లో క్రిమియాకు ఓడయెక్కెను. త్రోవలో స్కుటారి ఆసుపత్రియందు నైటింగేల్‌ను కలిసికొని ఒక రాత్రి పడుకొనుటకు చోటు అడిగి పొందెను. బాలక్లావా రేవునకు కొన్ని మైళ్ల దూరమున, కొట్టుకొనివచ్చిన కలపతోను, సామాను పెట్టెల చెక్కలతోను, ఇనుప రేకులతోను ఒక పూటకూళ్ల యిల్లు కట్టించి బ్రిటిష్ హోటల్ అని పేరు పెట్టెను.

ఉదయమున సైనికులు జ్వరమని, విరేచనములని, గాయములని ఆమె వాకిటికి వచ్చుచుండిరి. మందు పుచ్చుకొని, వేడి భోజనము తిని పోవుచుండిరి. రేవునందు ఓడలకెక్కించు గాయపడినవారికి ఆమె టీ త్రాగించెను, కట్లు సవరించెను. యుద్ధము జరుగు దినములలో కట్టుగుడ్డలు, సూదులు, దారము, ఆహారము కంచరగాడిదలమీద వేసికొని గుండ్లు పడు చోటికి వెళ్లెను. 1855 ఆగస్టులో చెర్నాయా నది యొద్ద జరిగిన యుద్ధము తరువాత శత్రువులైన రష్యా సైనికులకును ఆమె పరిచర్య చేసెను. ఒకని దవడలో దిగిన గుండును తీయుచుండగా అతడు మరణవేదనలో ఆమె వ్రేలిని కరచెను. ఆ మచ్చ ఆమెకు నిలిచిపోయెను. సైనికులు ఆమెను తల్లి అని పిలిచిరి.

తల్లి యనువారును, నింద వేయువారును

అందరును ఆమెను అట్లు ఎంచలేదు. ఆమె హోటలులో మద్యమును అమ్మబడుచుండెను. నైటింగేల్ దీనినిబట్టి తన నర్సులను ఆమెతో కలియనియ్యలేదు. ఆమె సైనికులకు మేలు చేసినదని ఒప్పుకొనుచునే, ఆ యింటి నడతను గూర్చి కఠినముగా 1870లో ఒక సొంత ఉత్తరములో వ్రాసెను. మద్యము అమ్ముటను మేము సమర్థింపము. అయినను నైటింగేల్‌ను తగ్గించి మేరీని హెచ్చించుటయు, మేరీని తగ్గించి నైటింగేల్‌ను హెచ్చించుటయు న్యాయము కాదు. ఒకరు ఆసుపత్రిని క్రమపరచి, నర్సులకు బడి పెట్టించిరి. మరియొకరు వాకిట నిలిచినవానికి వెంటనే కట్టు కట్టిరి. ఇద్దరును కావలెను.

1856 మార్చిలో సమాధానము కుదిరెను. కొనువారు లేక సామాను మిగిలిపోయెను. మేరీ అప్పులపాలై దివాలా తీసెను. ఆమె చేత స్వస్థపడిన సైనికులు ఆమెను మరువక 1857 జూలైలో లండనులో నాలుగు దినముల ఉత్సవము జరిపిరి. జనులు వేలకొలదిగా వచ్చిరి గాని ఆమె చేతికి వచ్చిన సొమ్ము స్వల్పమే. ఆ సంవత్సరమే ఆమె తన జీవిత చరిత్రను ప్రచురించెను. మన దేశములో 1857 తిరుగుబాటు వార్త విని, ఇక్కడికిని వచ్చి గాయపడినవారికి సేవ చేయవలెనని ఆమె కోరెను. యుద్ధ మంత్రి వలదనుటచేతను, చేతిలో సొమ్ము లేకపోవుటచేతను రాలేకపోయెను. కడపటి దినములలో ఆమెకు కొదువ లేకుండెను. ఆమె రోమను కథోలిక సంఘములో చేరి, 1881 మే 14న లండనులో మరణించెను.

తరువాత లోకము ఆమెను సుమారు నూరేండ్లు మరచిపోయెను. మొదట జ్ఞాపకము చేసికొనినవారు నర్సులే. 1954లో జమైకా నర్సుల సంఘము తమ కార్యాలయమునకు ఆమె పేరు పెట్టెను. 1973లో ఆమె సమాధి బాగుచేయబడెను. 2016లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణలో ఆమె విగ్రహము నిలువబెట్టబడెను. 1860లో నైటింగేల్ పేరిట నర్సుల బడి పెట్టబడినది ఆ ఆసుపత్రిలోనే. అప్పుడు సహితము కొందరు, ఆమె నర్సు కాదు, దుకాణము పెట్టుకొనినది మాత్రమే అని ఆక్షేపించిరి. చనిపోయిన 135 ఏండ్ల తరువాతను ఆ మాట ఆమెను వదలలేదు.

మన సంఘములకు

ప్రియులారా, ఈ మాట మన మధ్యను లేదా? నర్సు పని యనగా డాక్టరు చేతిక్రింది ఊడిగమనియు, మలమూత్రములెత్తు పనియనియు అనుకొనువారు మన గ్రామములలో ఇంకను ఉన్నారు. రాత్రి డ్యూటీ చేయు పిల్లను కోడలిగా తెచ్చుకొనుటకు జంకు కుటుంబములు ఉన్నవి. ఆ పిల్ల రాత్రియందు ఏమి చేయుచున్నదో వారు చూడలేదు. ఆమె జ్వరము ఎంత ఎక్కినదో, నాడి యెట్లున్నదో వ్రాసికొనును. కదలలేని రోగిని గంటల లెక్కన ఒత్తిగిల్లజేసి వీపున పుండు పడకుండ కాపాడును. సెలైను సీసాను కనిపెట్టును. ఊపిరి తేడా పడగానే మొదట గుర్తించి డాక్టరును పిలుచునది ఆమెయే. ఆమె ఎత్తు మలమూత్రములలో రక్తమున్నదో లేదో చూచుటయు వైద్యములో భాగమే.

ఈ దినములలో నర్సు పనికి చదువును ప్రభుత్వపు రిజిస్ట్రేషనును అవసరము. మేరీ కథ విని చదువు అక్కరలేదని ఎవరును తలంపరాదు. ఆమెకు మూయబడిన బడి తలుపు మన బిడ్డలకు తెరువబడినది గనుక వారు దానిలో ప్రవేశింపవలెను. అయితే చదువు తక్కువైనను వార్డులో నమ్మకముగా పనిచేయు ఆయమ్మను, గ్రామములో తిరుగు ఆరోగ్య కార్యకర్తను చిన్నచూపు చూడరాదు. దేహములో బలహీనముగా కనబడు అవయవములే మరి అవసరమైనవని పౌలు కొరింథీయులకు బోధించెను గదా.

మన తెలుగులో బోధకుని పనికిని, రోగి మంచము దగ్గరి పనికిని పరిచర్య అను ఒకే మాట ఉన్నది. ప్రసంగ పీఠముమీద నిలుచు మేము దానిని మా సొంతమని యెంచరాదు. వచ్చు ఆదివారము సంఘములో ప్రార్థన చేయునప్పుడు, మీ గ్రామము నుండి వెళ్లి ఆసుపత్రులలో పనిచేయుచున్న కుమార్తెలను, కుమారులను పేరుపేరున జ్ఞాపకము చేయుడి. వారి తలిదండ్రులు ఆ పేళ్లు వినునప్పుడు తల యెత్తుకొని కూర్చుందురు గాక.