సుత్తి కేకు వెనక ఓ మొండి కుర్రాడు

పుట్టినరోజున సుత్తితో పగలగొట్టే కేకు చూసే ఉంటారు. ఆ చాక్లెట్ డొప్ప చేయాలంటే కరిగిన చాక్లెట్‌ని అచ్చులో పోసి, అంచుల దాకా తిప్పి, మిగిలింది వంపేయాలి. అంటే అది ధారగా జారాలి. 1879కి ముందు చాక్లెట్ జారేది కాదు. గరగరలాడే ముద్ద, అచ్చుల్లో కూరాల్సిందే.

జారేలా చేసింది రొడాల్ఫ్ లిండ్ట్. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో మందులషాపు ఆయన కొడుకు. లొసాన్‌లో చాక్లెట్ పని నేర్చుకుని, అగ్నిప్రమాదంలో దెబ్బతిన్న కర్మాగారాలు రెండు, పాత మిషన్లు కొన్నాడు. సరుకు నాసిగా వచ్చేది, పైన తెల్లగా పొరకట్టేది. అయినా వదల్లేదు. ముద్దని వేడి మీద గంటల తరబడి రోలర్‌తో మర్దించాడు, కోకో వెన్న కలిపాడు. ఈ మర్దననే ఇప్పుడు కాంచింగ్ అంటున్నారు. శుక్రవారం మిషన్ ఆపడం మర్చిపోతే సోమవారానికి అద్భుతం జరిగిందని ఓ కథ ఉందిలెండి. ఆ పాత మిషన్లతో కుస్తీయే నమ్మబుద్ధవుతుంది. అప్పటికి లిండ్ట్‌కి పాతికేళ్లు కూడా లేవు!

ఇరవై ఏళ్లు ఆ పద్ధతిని గుట్టుగా దాచాడు. 1899లో ఫ్యాక్టరీతో పాటు రహస్యాన్నీ జ్యూరిక్‌లోని స్ప్రుంగ్లీకి 15 లక్షల ఫ్రాంకులకు అమ్మేశాడు. 1909లో కన్నుమూశాడు. రేపర్ల మీద ఇద్దరి పేర్లూ ఇప్పటికీ కలిసే ఉన్నాయి.